ఎర్ర మెరక

సత్తిబాబుగారి తల పగలగొట్టింది నేనే. గట్టు మీద కాలు జారి పడ్డానని ఆయన ఆసుపత్రిలో చెప్పుకున్నాడట. చెప్పుకోనివ్వండి, పరువు గల మనిషి. కానీ పార నా చేతిలో ఉంది, తల ఆయన మెడ మీద ఉంది, మధ్యలో దేవుడు కూడా అడ్డం రాలేదు. పార అంచుతో కొట్టలేదు, వెనక వైపుతో కొట్టాను. అంచుతో కొట్టి ఉంటే ఈ కథ సబ్ జైల్లో కూర్చుని చెప్పాల్సి వచ్చేది.

ఇదంతా మట్టి కోసం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మా పేటలో అందరూ ముందే నవ్వేశారు.

మాది మండవల్లి వైపు, కొల్లేరు అంచున ఉన్న ఊరు. మా పేట వెనకే సత్తిబాబుగారి చేపల చెరువు. చెరువు గట్టు ఎత్తులో ఉంటుంది, మా రేకుల ఇళ్ళు పల్లంలో ఉంటాయి. చేపలు పైన, మనుషులు కింద. మూడేళ్ళ కిందట వరద వచ్చినప్పుడు మా ఇంట్లో మోకాలి పైకి నీళ్ళు నిలిచాయి. మా అత్త అప్పటికే మంచం పట్టి ఉంది. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టాం. నీళ్ళు పెరిగితే మళ్ళీ ఇటుకలు పెట్టాం. ఆ మంచం మీదే పోయింది. సమాధుల దొడ్డి కూడా మునిగిపోవడంతో పూడ్చడానికి జానెడు పొడినేల దొరకలేదు. చర్చి అయ్యగారు పడవలో వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. నీళ్ళు తీసేదాకా ఆమె మంచం మీద, మేం బల్లల మీద. నా కూతురు శాలిని ముక్కుకి చున్నీ కట్టుకుని నానమ్మ మీద ఈగలు తోలింది. ఈ ఇల్లు విప్పి, అడుగున మనిషెత్తు మెరక చేసి, దాని మీద మళ్ళీ కట్టుకుంటే గాని నేను చావకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

మెరక చేయాలంటే మట్టి తోలించాలి. మట్టి అంటే డబ్బు. మా ఇంట్లో డబ్బు నిలవదు. మా ఆయన దేవరాజు ఆ సత్తిబాబుగారి చెరువులోనే చేపలకి మేత వేస్తాడు. తాగడు. ఆ ముక్క చెబితే చాలు, ఆడవాళ్ళందరూ నీ అదృష్టమే అదృష్టం అంటారు. తాగుడు లేదు గానీ పేకాట ఉంది. బియ్యం డబ్బాలో దాస్తే వాసన పట్టేవాడు. బైబిలు అట్టలో దాస్తే అక్కడా వెతికాడు. పెళ్ళయ్యాక ఆయన బైబిలు తెరిచింది ఆ ఒక్కసారే. చీటీ కడదామని కడితే, చీటీ పెట్టినావిడ తాడేపల్లిగూడెంలో కూతురింటికని వెళ్ళి మళ్ళీ రాలేదు. బ్యాంకులో వేస్తే కార్డు ఆయన జేబులో తేలింది. ఆఖరికి నాకు బుద్ధి వచ్చింది. డబ్బుకి కాళ్ళుంటాయి, మట్టికి ఉండవు.

నేను రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలుస్తాను. కూలి చేతిలో పడ్డ రోజు ఇంటికి రాకుండానే ట్రాక్టర్ ఏసోబుకి ఫోను చేసేదాన్ని. ట్రక్కుకి సరిపడా పోగయితే ట్రక్కు మట్టి, సగానికి సరిపోతే సగం ట్రక్కు. మా నల్లమట్టి కాదు, అది తడిస్తే జావ అయిపోతుంది. కామవరపుకోట వైపు మెరక నేలల నుంచి రోడ్డు దాకా టిప్పర్లలో వచ్చే ఎర్ర గ్రావెల్. అది తడిసేకొద్దీ బిగుస్తుంది. ఇంటి పక్కన కుప్ప పోయించేదాన్ని.

ఇక ఆ కుప్ప కోసం మేం తిన్నదీ తిననిదీ అడక్కండి. గ్యాసు వాన రోజుల్లోనే, మిగతా రోజులు కంపల పొయ్యి. నూనె గరిటెతో పోయడం మర్చిపోయాను. రెండు క్రిస్మస్‌లకి కొత్త చీర లేదు. దేవుడి కానుక మాత్రం తగ్గించలేదు, ఆయనతో తగువెందుకని. శాలిని ఇంటర్ చదువుతోంది. స్నేహితురాళ్ళందరికీ ఫోన్లున్నాయని ముఖం మాడ్చుకునేది.

"నీ ఫోను ఆ కుప్పలో ఉందే" అనేదాన్ని. "నా చీర కూడా అందులోనే ఉంది. ఆదివారం మాంసం కూడా అందులోనే ఉంది. వెళ్ళి వాసన చూసుకో."

పక్కింటి కాంతం వచ్చినప్పుడల్లా బుగ్గలు నొక్కుకునేది. "బంగారం కొనేవాళ్ళని చూశాం, స్థలం కొనేవాళ్ళని చూశాం. మట్టి కొని వాకిట్లో పోసుకుని మురిసేదాన్ని నిన్నే చూశానే హన్నా!"

మురిశాను, నిజమే. షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునే ముందు ఒకసారి ఆ కుప్ప ఎక్కేదాన్ని. ఎక్కితే గట్టు అవతల చెరువు నీళ్ళు కనిపించేవి. కాని ఒక తప్పు చేశాను. కుప్ప పోశాను గానీ పరవలేదు. పరవాలంటే ముందు ఇల్లు విప్పాలి, ఆఖరి ట్రక్కు కూడా వచ్చాక ఒకేసారి విప్పుదామనుకున్నాను. పరిచిన మట్టి ఇల్లవుతుంది. కుప్పగా ఉన్న మట్టి సరుకు కింద లెక్క, సరుకుకి బేరం వస్తుంది.

ఈ ఏడు వినాయక చవితి దాటగానే వాన పట్టుకుంది. రోడ్డు మునిగింది, టిప్పర్లు ఆగిపోయాయి. మా పేట వైపు మూల సత్తిబాబుగారి గట్టు చెమర్చడం మొదలైంది. లోపల పట్టుబడికి వచ్చిన చేపలు, బొచ్చెలు, రాగండ్లు. నల్లమట్టి ఎంత వేసినా జారిపోతోంది. అప్పుడు గొడుగు వేసుకుని ఆయన మా వాకిట్లోకి వచ్చాడు. జన్మలో ఎప్పుడూ రాలేదు.

"ఏమ్మా హన్నమ్మా, బాగున్నావా? ఆ మట్టి నాకిచ్చెయ్యమ్మా. నీకు పడినదానికి రెండింతలు ఇస్తాను. వాన తగ్గాక నువ్వే కొనుక్కుందువు గాని."

"వాన తగ్గాక నాకు మట్టెందుకండీ బాబుగారూ? వానలోనేగా కావాలి."

"నా చేపలు పోతాయమ్మా."

"మీ చేపలకి ఈతొచ్చండీ. నా కూతురికి రాదు."

ఆయన నవ్వాడు. మెత్తటి మనిషి, నోట్లో వెన్న పెట్టుకుని మాట్లాడతాడు. నవ్వి, అరుగు మీద కూర్చున్న మా ఆయన వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. కాని మర్నాడు కూలి మానేస్తే షెడ్డులో పేరు కొట్టేస్తారు, అందుకని పనికి వెళ్ళాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి కుప్ప లేదు.

కుప్ప ఉన్న చోట ఎర్రనీళ్ళ గుంట, టైర్ల జాడలు. నాకు ముందు అర్థం కాలేదు, వేరే వాళ్ళ ఇంటికి వచ్చానేమో అనుకున్నాను. గుమ్మంలో శాలిని కూర్చుని ఉంది. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యి మోచేతికి కింద, వంగకూడని చోట వంగి ఉంది.

"కుప్ప ఎక్కి కూర్చున్నానే అమ్మా" అంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. "ట్రాక్టర్ వాళ్ళు ఆగిపోయారు. గట్టు కాపలావాడు జడ పట్టుకుని లాగేశాడు. ట్రక్కు ఇనుము మీద పడ్డాను."

"నాన్నేం చేశాడు?"

"‘పక్కకి రావే తల్లీ, బేరం అయిపోయింది’ అన్నాడు."

నేను లోపలికి వెళ్ళాను. మా ఆయన పీట మీద కూర్చుని ఉన్నాడు, చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది. రోటి పక్కన పచ్చడిబండ ఉంటే తీసుకున్నాను.

"ఏవండీ, ఎంతకిచ్చారండీ?" అని భుజం మీద ఒకటి వేశాను.

కొట్టేటప్పుడు కూడా మీరు అనే అన్నాను. మా వైపు మర్యాద అలాంటిది.

"హన్నా! రెండింతలే! రెండింతలిచ్చాడు! లాభమే గదా, మళ్ళీ కొనుక్కుందాం..."

"కొనండి. ఇప్పుడే కొనండి. ఏ కొట్లో అమ్ముతున్నారో చూపించండి" అని మోకాలి మీద వేశాను. చెయ్యి అడ్డం పెడితే చేతి మీద వేశాను. నాలుగోది మూతికి తగిలింది, పన్ను ఊడి నేల మీద పడింది. ఆయనా ఊరుకోలేదు. లేచి నా మెడ పట్టుకుని గోడకేసి కొట్టాడు. రేకులు గణగణలాడాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా మీద చెయ్యెత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒక్క పూటలో ఇద్దరం బాకీ తీర్చేసుకున్నాం. ఆయన చేతిని పళ్ళతో పట్టుకుంటే వదిలాడు. నా నోట్లో రక్తం, ఆయనదో నాదో తెలియలేదు.

"పిల్ల చెయ్యి విరిగిందండీ" అన్నాను. "కన్నపిల్ల. మీరు పక్కనే నుంచున్నారు."

ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. అది చూశాక ఇక ఆయన్ని కొట్టబుద్ధి కాలేదు, అసహ్యం వేసింది.

కాంతం అరుపులు విని పరిగెత్తుకొచ్చింది. శాలిని చేతికి వెదురుబద్దలు పెట్టి చున్నీతో కట్టింది. పిల్ల కేకకి పేటంతా బయటికొచ్చింది. నేను పార ఒక భుజాన, పలుగు ఒక భుజాన వేసుకుని గట్టెక్కాను. వెనక నుంచి కాంతం పిలుస్తూనే ఉంది.

గట్టు మూలన నా మట్టి నల్లచీరకి ఎర్రగుడ్డ మాసిక వేసినట్టు స్పష్టంగా కనిపించింది. నా రొయ్యలు, నా నూనె, నా రెండు క్రిస్మస్‌లు జేసీబీతో తొక్కించి పెట్టారు. సత్తిబాబుగారు గొడుగు కింద నిలబడి చూసుకుంటున్నాడు. పక్కన ఇద్దరు కాపలావాళ్ళు.

"మళ్ళీ ఏంటమ్మా?"

"నా మట్టి తీసుకెళ్తానండి."

"డబ్బు తీసుకున్నారు గదా."

"నేను తీసుకోలేదండి. ఎర్రదంతా నాది, నల్లది మీరుంచుకోండి" అని పార వేశాను.

వెనక నుంచి ఒకడు జడ పట్టుకున్నాడు. శాలిని జడ పట్టుకున్నవాడు వీడేనని ఆ పట్టుతోనే తెలిసిపోయింది. పక్కనున్న పలుగు అందుకుని వెనక్కి వదిలాను. మోకాలి చిప్ప మీద పడ్డట్టుంది, పందిలా అరిచి చెరువులోకి దొర్లాడు. రెండోవాడు ముందు వాణ్ణి చూసి, తర్వాత నన్ను చూసి, గట్టు దిగిపోయాడు. అప్పుడు సత్తిబాబుగారు గొడుగు పారేసి నన్ను కడుపులో తన్నాడు. కింద పడ్డాక మళ్ళీ తన్నాడు. అంత మెత్తటి నోట్లో అన్ని బూతులుంటాయని నాకు తెలియదు. మా అమ్మని, మా దేవుణ్ణి, మా పేటని ఎవర్నీ వదల్లేదు. మూడోసారి కాలెత్తినప్పుడు నా చేతికి పార దొరికింది. లేస్తూనే తిప్పి వేశాను.

ఆయన నిలబడ్డ చోటే కూలబడ్డాడు. చెవి పక్క నుంచి కారిన రక్తం ఎర్రమట్టిలో కలిసిపోయింది. పార పారేసి పలుగు అందుకున్నాను. మాసిక మధ్యలో దించాను. లోపల నీళ్ళ బరువు పలుగులోంచి నా చేతులకి తెలిసింది.

సత్తిబాబుగారు తల పట్టుకుని నవ్వాడు. "పొడువు. పొడవ్వే. గట్టు తెగితే ముందు కొట్టుకుపోయేది నీ కొంపే. నీ కూతురే."

కిందికి చూశాను. నిజమే. గట్టుకి సరిగ్గా కింద మా రేకులు. గుమ్మంలో చెయ్యి ఒళ్ళో పెట్టుకుని శాలిని. పక్కన కాంతం పిల్లలు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారే, అదీ నా పని. పలుగు పట్టుకుని ఏడ్చాను. భయంతో కాదు, కోపంతో. నన్ను కొట్టినందుకు కాదు, వాడి తెలివితేటలకి. నా మట్టి తీసుకెళ్ళి నా నెత్తి మీదే పెట్టాడు. తీస్తే నేనే చావాలి, ఉంచితే వాడి చేపలు బతకాలి.

ఏడుస్తూ కాళ్ళ కిందికి చూసుకున్నాను. చుట్టూ అంతా బురద, మడమ దాకా దిగిపోతోంది. నేను నిలబడ్డ చోట మాత్రం కాలు దిగలేదు. ఊరు మొత్తానికి ఎత్తయిన చోటు, గట్టి చోటు అదే. అది నా మెరక. చోటు మారింది, అంతే.

"కాంతం!" అని గట్టు మీద నుంచి కేకేశాను. "శాలినిని పైకి తీసుకురా. మా అత్త మంచం కూడా తెప్పించు. టార్పాలిన్, పొయ్యి, బియ్యం డబ్బా, అన్నీ!"

"ఎక్కడికే?"

"ఇంటికి!"

సత్తిబాబుగారి నవ్వు ఆగిపోయింది. నేను పలుగు తీయలేదు. దించిన చోటే ఉంచి, దాని పక్కన కూర్చున్నాను.

"బాబుగారూ, తవ్వనులెండి. ఇక్కడే కాపురం ఉంటాను. మా పేట ఎలాగూ మునిగేదే, అందరం పైకొచ్చేస్తాం. అప్పుడు కింద కొట్టుకుపోడానికి రేకులు తప్ప ఏం ఉండవు. నా మీదికి ఎవణ్ణి పంపినా ఈ పలుగు ఒక్క ఊపు ఊపుతాను. మీ చేపలకి ఈతొచ్చని నిన్నే చెప్పాను గదండీ."

ఆయన తువ్వాలు తలకి చుట్టుకుని దిగిపోయాడు. గంట తిరక్కుండా నలుగుర్ని కర్రలతో పంపాడు. మా మంచం అప్పుడే పైకొచ్చింది. వాళ్ళు కర్ర ఎత్తారు, నేను పలుగు ఊపాను. మాసికలోంచి బొటనవేలంత లావున నీళ్ళు చిమ్మాయి. వాళ్ళల్లో ఒకడి చేతిలో వీడియో కాల్ పెట్టిన ఫోను ఉంది, ఆ ఫోనులోంచి సత్తిబాబుగారి గొంతు "ఆగండ్రా, ఆగండ్రా, చచ్చాన్రా" అని గట్టంతా వినపడేలా అరిచింది. వాళ్ళు కర్రలు దించారు. నేను గుప్పెడు గ్రావెల్ తీసి ఆ కంతలో కుక్కి కాలితో తొక్కాను.

పోలీసులకి చెప్పుకోలేడు. ఆ చెరువు కొల్లేరు హద్దులో, ఉండకూడని చోట ఉందని ఊరందరికీ తెలుసు, ఆయనకి అందరికంటే బాగా తెలుసు. చీకటి పడకముందే ఏసోబుని రాయబారం పంపాడు. నీళ్ళు తీయగానే పోయిన మట్టికి మట్టీ తోలిస్తాడట, గట్టు దిగమంటున్నాడట. తోలించి, పరిచి, రోలరుతో తొక్కించాక దిగుతానని చెప్పమన్నాను. నల్లది ఒక్క తట్ట కలిసినా ఊరుకోనన్నాను. అన్నమాట తర్వాత నిలబెట్టుకున్నాడు, పలుగు అక్కడున్నంత కాలం నిలబెట్టుకోక చస్తాడా. ఇప్పుడు మా ఇల్లు గట్టుకి సమానంగా ఉంది. గట్టెక్కిన మర్నాడే ఏసోబు ట్రాక్టర్ మీద శాలినిని కైకలూరు తీసుకెళ్ళి కట్టు కట్టించి తెచ్చాను. నేను వెళ్ళినంతసేపూ పలుగు దగ్గర కాంతం కూర్చుంది. చెయ్యి అతికింది గానీ కొంచెం వంకరగానే అతికింది. దానికి సత్తిబాబు ఏ ట్రక్కు తోలిస్తాడు?

కాని నేను చెప్పాలనుకున్నది వరద వచ్చిన రోజు సంగతి.

కట్టు కట్టించుకొచ్చిన మర్నాడే వచ్చింది. మధ్యాహ్నానికి మా పేట రేకుల అంచుల దాకా నీళ్ళు. అందరం గట్టు మీదే ఉన్నాం, కోళ్ళు, మేకలు, అయ్యగారి హార్మోనియంతో సహా. నవ్వినవాళ్ళందరూ నా ఎర్రమట్టి మీదే పొయ్యిలు పెట్టుకున్నారు. మా అత్త మంచం ఇటుకలు లేకుండా నాలుగు కోళ్ళ మీద నిలబడి ఉంది, దాని మీద శాలిని పడుకుని ఉంది.

ఆ రోజు నుంచీ మా ఆయన గట్టు మీదికి రాలేదు. ఖాళీ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. నీళ్ళు మెడ దాకా వచ్చాక బయటికొచ్చాడు. కాళ్ళు ఆననప్పుడు ఈదుతూ, ఆనినప్పుడు నడుస్తూ గట్టు దగ్గరికి వచ్చాడు. ఒక చెయ్యి మాత్రం పైకెత్తి పట్టుకున్నాడు. ఆ చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో నోట్లు. మూతి వాచి ఉంది. ఊరంతా చూస్తోంది.

"హన్నా" అన్నాడు. "పైకి రానా?"

"డబ్బుంది గదండీ. రెండింతలు. దాన్ని కాళ్ళ కిందేసుకుని నిలబడండి, మునగరు."

ఎవరూ నవ్వలేదు. ఆయన ఆ సంచిని గట్టు మీదికి, నా కాళ్ళ దగ్గరికి విసిరాడు. నేను ముట్టుకోలేదు. ఎంతైనా కట్టుకున్నవాడు. నా చెయ్యి లేవబోయింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కాని విరిగింది నా చెయ్యి కాదు. అందుకని శాలిని వైపు చూశాను. అది మంచం మీద లేచి కూర్చుంది. కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, నీళ్ళల్లో ఉన్న తండ్రిని కాసేపు చూసింది.

"నాన్నకి ఈతొచ్చులే అమ్మా" అని అటు తిరిగి పడుకుంది.

పచ్చడిబండతో పన్ను ఊడగొట్టినా ఏడవని మనిషి, ఆ నీళ్ళల్లో నిలబడి ఏడ్చాడు.